రుచి చెప్పే పీట

బెజవాడ బస్సు దిగి, జట్కా ఎక్కి వచ్చిన బసవపున్నారావుగారు వీరరాఘవయ్య మామిడిపళ్ళ కొట్టు మెట్లెక్కడం వరకూ పోయిన వారం చూశాం. ఆయన చేతిలో ఒక తువ్వాలు మూట ఉంది. ఆయన వెనకాలే వీరరాఘవయ్య బావమరిది నరసింహులు కూడా దిగాడు. పది రోజుల క్రితం ఆ పెద్దమనిషి తన కూతురి పెళ్ళికని ఈ కొట్లో పన్నెండు గంపల చిన్నరసాలు కొన్నాడు. వాటిని తన బండ్ల మీద బెజవాడ చేర్చింది నరసింహులు. పళ్ళు బాగున్నాయని చెప్పింది మాత్రం వీరరాఘవయ్య కూతురు, పదకొండేళ్ళ ఉమ.

పదకొండేళ్ళ పిల్ల మాట మీద పన్నెండు గంపలు కొనడమేమిటని ఈ కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అనుకోవచ్చు. నూజివీడులో ఆ కొట్టు సంగతి తెలిసినవాళ్ళెవరూ అలా అనుకోరు. వీరరాఘవయ్య తాతగారి నాటినుంచీ అక్కడొక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళ నాలుకలు ఆకూవక్కలతో, పొగాకుతో మొద్దుబారిపోయి ఉంటాయి. పైగా పెద్దవాళ్ళు రుచి చెప్పేముందు లాభం సంగతి ఆలోచిస్తారు. అందుకని ఆ ఇంటి పిల్లల్లో ఒకరిని కొట్టు గుమ్మంలో పనసచెక్క పీట మీద కూర్చోబెడతారు. గంపకో పండు తీసి, ముచ్చిక తుంచి, మొదట వచ్చే సొన పిండేసి, ఆ తర్వాతి రసం ఆకుదొన్నెలో పట్టి ఇస్తారు. పిల్ల రుచి చూసి చెబుతుంది. మజ్జిగతో నోరు పుక్కిలించి ఇంకో దొన్నె అందుకుంటుంది. బాగుందంటే ఆ గంప మీద గోనె కప్పి కుట్టేస్తారు, లేదంటే పక్కకు లాగేస్తారు. వీరరాఘవయ్య కూడా చిన్నప్పుడు ఆరేళ్ళపాటు ఆ పీట మీద కూర్చున్నవాడే. పీట మీది పిల్ల అబద్ధం చెప్పిందన్న మాట మూడు తరాల్లో ఎవరూ అనలేదు.

ఆ మాట అనడానికే బసవపున్నారావుగారు వచ్చారు.

ఆయన కేకలు వేసే మనిషి కాదు. అదే వీరరాఘవయ్యని ఎక్కువ భయపెట్టింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, మంచినీళ్ళిస్తే తాగలేదు. నిలబడే మాట్లాడాడు.

"మగపెళ్ళివారి బంతిలో పెద్దాయన ఒకాయన పండు నోట్లో పెట్టుకుని, పులుపు తట్టుకోలేక విస్తరి పక్కన ఉమ్మేశాడయ్యా. ఆయన్ని చూసి పక్కాయన, ఆయన్ని చూసి ఇంకొకాయన. బంతి మొత్తం పళ్ళు వదిలేసి లేచింది. పంచదార దొరకని రోజుల్లో కూడా నలుగురి కాళ్ళూ పట్టుకుని లడ్లు చేయించిన వాణ్ణి. చివరికి మామిడిపండు దగ్గర తల దించుకున్నాను."

తువ్వాలు మూట విప్పాడు. తొక్క ముడతలు పడిన నాలుగు పళ్ళు బల్ల మీదికి దొర్లాయి.

"మిగిలినవాటిలో ఇవి తెచ్చాను. మీవేనా కాదా చూసి చెప్పండి."

వీరరాఘవయ్య ఒక పండు తీసి అటూ ఇటూ తిప్పాడు. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో పండు చూసి తోట పేరు చెప్పగల మనిషి అతను. "మావేనండి," అని వెంటనే కింద పెట్టేశాడు.

"అయితే పిల్లకి అబద్ధం నేర్పి పీట మీద కూర్చోబెట్టారన్నమాట. సొమ్ము వెనక్కిస్తామనకండి, నేను దానికోసం రాలేదు. ఆ పిల్ల అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి, ఆ పీట ఇక్కణ్ణుంచి తీసెయ్యాలి. దాన్ని నమ్మి ఇంకో ఆడపిల్ల తండ్రి నాలాగా నవ్వులపాలు కాకూడదు. మీరు చెయ్యనంటే ఈ బజార్లో కొట్టు కొట్టుకీ తిరిగి నేనే చెప్పుకుంటాను."

"అంతదాకా ఎందుకండీ," అన్నాడు నరసింహులు మధ్యలోకొచ్చి. "చిన్నపిల్ల. ఆడుకోవడానికి వెళ్ళే తొందరలో ఏదో చెప్పేసి ఉంటుంది. బావగారూ, దాన్ని పిలిచి ఈయనకో దణ్ణం పెట్టించండి, పోతుంది."

కొట్టుకీ ఇంటికీ మధ్య తలుపు వెనకాల నిలబడి వీరరాఘవయ్య భార్య హైమవతి ఇదంతా వింటూనే ఉంది. కొత్తవాళ్ళున్నప్పుడు ఆ ఇంటి ఆడవాళ్ళు కొట్లోకి రారు. పదిహేనేళ్ళ కాపురంలో ఆవిడ ఆ గడప దాటింది లేదు. ఇప్పుడు దాటాలా వద్దా అన్నది ఒక బాధ, అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. కూతురి నాలుక మారిందని ఆవిడకి నెలరోజులనుంచీ తెలుసు. తెలిసీ మొగుడితో చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, ఉమకి ఏడాదికో అవతారం. ఏదని చెబుతుంది? మూడో ఏట తెల్లనివి తప్ప తిననని మొరాయించింది. అన్నం, పెరుగు, కొబ్బరి, అంతే. పప్పు వడ్డిస్తే కంచం చుట్టూ ఏడుస్తూ తిరిగేది. హైమవతి బెంగపడిపోయి మొక్కులు మొక్కుకుంటే అత్తగారు సుబ్బరత్నమ్మ నవ్వింది. "దాని నోరేంటో అది వెతుక్కుంటోంది, వెతుక్కోనీవే," అంది. అన్నట్టే ఓ పొద్దున్న ఉమ లేచి ఆవకాయ అన్నం కలిపిపెట్టమంది. తెల్లపిచ్చి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

ఆరో ఏట ఇంట్లో ఉన్న పెయ్యదూడతో సహా అందర్నీ 'అండీ' అని పిలిచేది. "కొంచెం జరగండి, గడ్డి వేస్తానండి," అని అది దూడని బతిమాలుతుంటే బజారులో పోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. ఆ తర్వాత టెంకల కాలం వచ్చింది. తిన్న ప్రతి టెంకనీ కడిగి, ఎండబెట్టి, పీచు దువ్వి, రెండు జడలల్లి పేరు పెట్టేది. అరవై మందిదాకా పోగయ్యారు. అందులో ఒకదానికి జ్వరమొచ్చిందని రెండు రోజులు బడి మానేసింది కూడా. పదో ఏట ఆ టెంకలన్నిటినీ తనే మూట కట్టి నీళ్ళపొయ్యిలోకి ఇచ్చేసింది. హైమవతి ఒకదాన్ని మాత్రం తీసి పోపుల పెట్టెలో దాచుకుంది. ఎందుకు దాచుకుందంటే ఆవిడ చెప్పలేదు.

ఈ యేడు పులుపు. చింతకాయ, ఉసిరికాయ, పిందెలు, ఏది పుల్లగా ఉంటే అది. పరమాన్నం గిన్నె పక్కకి నెట్టేస్తుంది. చారు రెండుసార్లు పోయించుకుంటుంది. దానికి తోడు తలుపు దగ్గరికి వేసుకుని ఒక్కతే కూర్చోవడం, పెద్దవాళ్ళు ఒకటంటే తను ఒకటి ఆలోచించి చెప్పడం. ఇది కూడా పోతుందిలే అనుకుంది హైమవతి. ఆ నాలుకే కొట్టుకి ఆధారమన్న సంగతి ఆవిడకి తట్టలేదు. పుల్లటి పండు దాని నోటికి బాగుండి ఉంటుంది, బాగుందని చెప్పేసి ఉంటుంది. తప్పు తనది, పిల్లది కాదు. తలుపు వెనకాల నిలబడి ఆవిడ పదేపదే ఇదే అనుకుంది.

వీరరాఘవయ్య కూతుర్ని పిలిచాడు. పెరట్లోంచి వచ్చింది ఉమ. చేతులకి ఉప్పూకారం అంటుకుని ఉన్నాయి. పావడాకి తుడుచుకుని తన అలవాటు ప్రకారం పీట మీద కూర్చోబోయింది.

"కూర్చోకు. ఇటు రా," అన్నాడు వీరరాఘవయ్య. "మొన్న ఈ తాతగారి గంపలు రుచి చూసినప్పుడు నోటికొచ్చింది చెప్పేశావు కదూ? తప్పయిందని చెప్పి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టు."

ఉమ తండ్రి మొహం వంక, బల్ల మీది పళ్ళ వంక చూసింది. "దణ్ణం పెడతానండి. పెద్దవారు కదా," అని వంగి దణ్ణం పెట్టింది. లేచి, "తప్పయిందని మాత్రం చెప్పనండి. పన్నెండు గంపలూ రుచి చూసే చెప్పాను," అంది.

"మారుమాట చెప్పకు."

"మారుమాట కాదండి, అదే మాట."

వీరరాఘవయ్య చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దిగేలోపు హైమవతి గడప దాటింది. దాటాక గానీ తను దాటినట్టు ఆవిడకి తెలియలేదు.

"పిల్లనేం అనకండి," అంది పైట భుజం చుట్టూ కప్పుకుంటూ. తర్వాత బసవపున్నారావుగారి వైపు తిరిగి, తల వంచుకునే, ప్రతి మాటా వినపడేలా చెప్పింది. "బాబుగారూ, నా కూతురు అబద్ధం చెప్పలేదండి. దాని నోరు మారింది. ఈ వేసవినుంచీ దానికి పులుపంటేనే ప్రాణం. తియ్యటిది ముట్టుకోదు. పుల్లగా ఉన్నదే దానికి బాగున్నట్టు అనిపించి ఉంటుంది. నాకు తెలిసి కూడా కొట్లో చెప్పలేదు. ఆ పీట మీద నించి దాన్ని నేనే లేపాల్సింది. తప్పు నాది."

 బసవపున్నారావుగారి మొహం మెత్తబడింది. ఆయనకీ ముగ్గురు పిల్లలు. "అట్లాగా," అన్నాడు. "అయితే అబద్ధం కాదన్నమాట. నాలుకే చెడింది." కుర్చీ లాక్కుని మొదటిసారి కూర్చున్నాడు. "ఆ మాట ముందే చెబితే నేను ఇంతదూరం అనేవాణ్ణి కాదమ్మా."

"పీట ఇవాళే తీయించేస్తానండి," అన్నాడు వీరరాఘవయ్య తొందరగా. గండం గడిచినవాడి గొంతు అది. నరసింహులు భుజం మీది కండువాతో మొహం తుడుచుకున్నాడు.

అందరికీ బాగానే ఉంది. ఉమకి తప్ప. తల్లి వంక అది చూసిన చూపు హైమవతి ఎన్నాళ్ళకీ మరిచిపోలేదు. కోపమైతే బాగుండేది. నువ్వు కూడానా అన్నట్టుంది ఆ చూపు.

"నాకు పులుపు ఇష్టమేనమ్మా," అంది ఉమ మెల్లిగా. "నిజమే. తాతగారి గంపల్లో పళ్ళు నాకు నచ్చలేదు. ఒట్టి తీపి. తొమ్మిదో గంపకొచ్చేసరికి నాకు విసుగొచ్చింది కూడా."

"మరి బాగున్నాయని ఎందుకు చెప్పావు తల్లీ?" అన్నాడు బసవపున్నారావుగారు.

"పెళ్ళిలో నేను తినను కదండీ. మీరు తింటారు, మగపెళ్ళివారు తింటారు. మీకు తీపి కావాలి. నాకు నచ్చకపోతే మాత్రం పండు తియ్యగా లేకుండా పోతుందా? నాకు నచ్చింది వేరు, పండు రుచి వేరు. చిన్నప్పుడు రెండూ ఒకటే అనుకునేదాన్ని. ఇప్పుడు తెలుస్తోంది."

హైమవతి పక్కనున్న గంప పట్టుకుంది. కన్నదీ పెంచిందీ తనే, ఆ పిల్ల ఇన్నాళ్ళూ తలుపు వేసుకుని ఏం చేస్తోందో తనకి తెలియలేదు. వంట చేసే తనకే ఇష్టం లేని కూరలో ఉప్పు సరిపోయిందో లేదో తెలియదు. మొగుడు, అత్తగారు, ఊళ్ళో ఇంతమంది పెద్దమనుషులు, తమకి నచ్చిందే మంచిదని నమ్మి బతికేస్తున్నారు. పదకొండేళ్ళ పిల్ల పుల్లకాయ నములుతూ, ఆ రెంటినీ విడదీసి చూడడం తనంతట తను నేర్చుకుంది. ఇలాంటి కూతురు తనకి పుట్టిందా అని ఆవిడకి గర్వంగానూ అనిపించింది, కొంచెం జంకుగానూ అనిపించింది.

బసవపున్నారావుగారు లేచాడు. న్యాయం తెలిసిన మనిషి, సగంలో వదిలేసి పోయే రకం కాదు. "మజ్జిగ తెప్పించండి. మూడు దొన్నెలు కూడా," అన్నాడు. "అటు తిరిగి పీట మీద కూర్చో అమ్మా."

ఉమ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆయనే తన చేత్తో కొట్లో రెండు గంపల్లోంచి ఒక్కో పండు తీసి దొన్నెల్లోకి పిండాడు. మూడో దొన్నెలోకి తను తెచ్చిన పండు పిండాడు.

ఉమ మొదటి దొన్నె నాలుకకి తగిలించింది. "తియ్యగా ఉంది. నిన్నటికే మాగింది, ఇవాళ తినెయ్యాలి." మజ్జిగ పుక్కిలించి రెండోది చూసింది. "ఇదీ ఆ తోటదే. దీన్ని రెండు రోజులు ముందు కోసేశారు. తీపి ఉంది గానీ వెనకాల ఏమీ లేదు."

వీరరాఘవయ్య గంపల వంక చూశాడు. ఆ రెండు గంపలూ ఒకే తోటవి. రెండోది తొందరపడి కోయించిన మాట కూడా నిజం.

మూడో దొన్నె దగ్గర ఉమ చాలాసేపు ఆగింది. ఇంకో గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది. దాని మొహంలో వెలుగులాంటిదేదో వచ్చింది, నచ్చినదాన్ని తిన్నప్పుడు వచ్చే వెలుగు.

"ఇది పుల్లగా ఉంది. నాకు భలే నచ్చింది," అంది. "కానీ ఇది మన కొట్లోంచి వెళ్ళిన పండు కాదు. ఆ పన్నెండు గంపల్లో ఇలాంటి పండు ఒక్కటి కూడా లేదు. చివర్లో వాము వాసన వస్తోంది. ఇలాంటిది నేనెప్పుడూ తినలేదు, తిని ఉంటే మర్చిపోను."

నరసింహులు గట్టిగా నవ్వాడు. అవసరమైనదానికంటే గట్టిగా. "చూశారా అండీ. వాము వాసనంట. దాని నోరు మారిపోయిందని ఇందాక కన్నతల్లే కదా చెప్పింది? ఇప్పుడు దాని మాట పట్టుకుని ఏం తేలుస్తారు?"

బసవపున్నారావుగారు తల ఊపాడు. "నిజమేనమ్మా. మీరే చెప్పారు కదా."

అప్పుడు తెలిసింది హైమవతికి తను చేసిన పని ఏమిటో. అబద్ధాలకోరన్న పేరు తప్పించబోయి, ఇక ఎవరూ నమ్మనక్కర్లేని పిల్లని చేసిపెట్టింది. ఉమ గోడ వైపే తిరిగి కూర్చుని ఉంది. వెనక్కి తిరిగి తల్లి సాయం అడగలేదు. అడగకపోవడమే ఆవిడకి ఎక్కువ నొప్పిగా ఉంది.

ఆవిడ ముందుకొచ్చి ఆ దొన్నె అందుకుంది.

"నువ్వెందుకు హైమా," అన్నాడు వీరరాఘవయ్య. "లోపలికి వెళ్ళు."

ఆవిడ వెళ్ళలేదు. దొన్నెలో మిగిలిన రసం నోట్లో పోసుకుంది. ముందు పులుపు తగిలింది, తర్వాత కాస్త తీపి. మింగేశాక, గొంతు దాటిపోయాక, వాము వాసన పైకి వచ్చింది.

రెడ్డిగూడెంలో వాళ్ళ నాన్నగారి తోటలో బావి పక్కన ఒక చెట్టుంది. ఎవరో తిని పారేసిన టెంక మొలిచి మానైంది. చూడ్డానికి దాని కాయ అచ్చం చిన్నరసమే. తింటే వాము. ఆ చెట్టుకి పొరుగు తోటల్లో గానీ, చుట్టుపక్కల ఊళ్ళలో గానీ జత లేదు. పచ్చడికి తప్ప పనికిరాదని నాన్నగారు దాని పండు ఎన్నడూ అమ్మలేదు, వియ్యాలవారింటికి పంపలేదు. తనూ తమ్ముడూ మాత్రం బావి గట్టు మీద కూర్చుని, ఎవరూ తినని ఆ పళ్ళని పోటీలు పడి తినేవాళ్ళు. నాన్నగారు పోయాక ఆ తోట చూసుకుంటున్నది నరసింహులు. ఒక్క చెట్టుకి పన్నెండు గంపలు కాస్తుందా అంటే, కాస్తుంది. అంత మాను అది.

ఆవిడ తమ్ముడి వంక చూసింది. వాడు నేల చూపులు చూస్తున్నాడు. చిన్నప్పుడు గిన్నె పగలగొట్టినప్పుడు కూడా వాడు అలాగే చూసేవాడు. ఆవిడే ప్రతిసారీ తను పగలగొట్టానని చెప్పేది.

ఈసారి చెప్పడానికి తన దగ్గర అలాంటి మాట లేదు. గోడ వైపు తిరిగి కూర్చున్న ఉమ రెండు జడలూ కనిపిస్తున్నాయి.

"బాబుగారూ," అంది హైమవతి. "ఇందాక నేను తెలియక అన్నాను. నా కూతురి నాలుక చెడలేదు. మా అందరికంటే బాగా ఎదిగింది. ఈ పండు మా కొట్టుది కాదు. ఇది మా పుట్టింటిది. రెడ్డిగూడెంలో మా బావి పక్క చెట్టుది. ఇది తింటూ పెరిగినదాన్ని, నేను పొరపడను."

ఉమ ఇటు తిరిగింది. బసవపున్నారావుగారు కండువా సర్దుకుని మెల్లిగా నరసింహులు వైపు చూశాడు. బండ్లెవరివో ఆయనకి గుర్తుచెయ్యక్కర్లేదు.

నరసింహులు తలెత్తాడు. మొహంలో నవ్వు పూర్తిగా పోయింది.

"మార్చింది నేనే అక్కా. కాదనను," అన్నాడు. "దార్లో గంపలు దింపి, గోనెలు విప్పి, మళ్ళీ కుట్టింది నా చేతులతోనే. కానీ నా అంతట నేను మార్చానా? మార్చమని నాకెవరు చెప్పారో బావగార్ని అడుగు."

హైమవతి చేతిలో ఖాళీ దొన్నె అలాగే ఉండిపోయింది. ఆవిడ మొగుడి వైపు తిరగడానికి ధైర్యం కూడదీసుకుంటోంది. పండు చూడగానే 'మావేనండి' అన్న తొందర, పీట తీయించేస్తానన్న తొందర, కూతురి మీదికి లేచిన చెయ్యి, అన్నీ ఒక్కసారే గుర్తొస్తున్నాయి. వీరరాఘవయ్య వక్కపెట్టె తెరిచాడు, ఏమీ తీయకుండానే మూశాడు.

ఉమ పీట మీద నుంచి లేచింది. పావడా అంచుతో పీట తుడిచింది. దాన్ని ఎత్తి తీసుకొచ్చి తండ్రి ముందు వేసింది. బల్ల మీద మిగిలిన మూడు పళ్ళలో ఒకటి తీసి, ముచ్చిక తుంచి, సొన పిండేసి ఆయన చేతికిచ్చింది.

"మీరూ చిన్నప్పుడు ఆరేళ్ళు ఇక్కడే కూర్చున్నారంట కదా నాన్నగారూ," అంది. "కూర్చుని, మీరే చెప్పండి."